సాగుతూనే కరిగిపోయే పాలిమర్: బరంపురం ల్యాబ్‌లో పీజీఎస్ స్కాఫోల్డ్ తయారీ

గుండె కండరం, రక్తనాళం, మూత్రాశయం, ఊపిరితిత్తి ఒక్క క్షణం కూడా కదలకుండా ఉండవు. వాటి కణాలను పెంచడానికి గట్టి ప్లాస్టిక్ చట్రం (స్కాఫోల్డ్) ఇస్తే కణాలు అతుక్కుంటాయి కానీ చట్రం వాటితో పాటు సాగదు. కుట్లదారాల్లో వాడే పాలీలాక్టిక్ ఆమ్లం బిరుసుతనం గిగాపాస్కల్స్‌లో ఉంటుంది, గుండె కండరానిది కిలోపాస్కల్స్‌లో. కొంచెం ఎక్కువ లాగితే ఆ ప్లాస్టిక్ మళ్లీ మామూలు స్థితికి రాదు. కావలసింది రబ్బరు బ్యాండులా సాగి వెనక్కి వచ్చేది, పని అయ్యాక ఒంట్లోనే విడిపోయి పోయేది.

ఆ కోవలో అన్నింటికంటే సులువుగా చేతికందేది పాలీగ్లిసరాల్ సెబాసేట్, పొట్టిగా పీజీఎస్. 2002లో ఎంఐటీలో యాడోంగ్ వాంగ్, గిలెర్మో అమీర్, బార్బరా షెపర్డ్, రాబర్ట్ లాంగర్ దీన్ని ప్రకటించారు. ముడిసరుకులు రెండే. సబ్బు తయారీలో మిగిలే గ్లిసరిన్ (గ్లిసరాల్) ఒకటి, ఆముదం నుంచి తీసే సెబాసిక్ ఆమ్లం ఇంకొకటి. ఉత్ప్రేరకం అక్కర్లేదు. అందుకే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి చోట్ల ఒక మోస్తరు కాలేజీ ల్యాబ్‌లో కూడా దీన్ని చేయవచ్చు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. పేపర్లలో రాసిన '24 గంటలు, 48 గంటలు' వాళ్ల ఫ్లాస్కుకీ, వాళ్ల పంపుకీ, వాళ్ల ఊరి గాలికీ సరిపోయిన గంటలు. గంజాం తీరంలో జూలై నెల గాలికి ఆ లెక్క నప్పదు. ఈ పాలిమర్ ఎంతవరకు ముదిరిందో చెప్పేది అందులోంచి ఎంత నీరు బయటికి పోయిందన్నదే. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ నీటి లెక్క చుట్టూనే తిరుగుతుంది.

లోపల ఏం జరుగుతుంది

గ్లిసరాల్‌కు మూడు చేతులు, అంటే మూడు హైడ్రాక్సిల్ గుంపులు. సెబాసిక్ ఆమ్లానికి రెండు, అవి కార్బాక్సిల్ గుంపులు. ఒక చెయ్యి ఇంకో చెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఒక ఎస్టర్ బంధం ఏర్పడి ఒక నీటి అణువు బయటికి వస్తుంది. రెండింటినీ సమాన మోల్స్‌లో కలిపితే ఆమ్లం చేతులు రెండు, గ్లిసరాల్ చేతులు మూడు. ఆమ్లం అంతా అయిపోయినా మూడో వంతు హైడ్రాక్సిల్ చేతులు ఖాళీగానే ఉంటాయి. పీజీఎస్ నీటికి తడవడానికి, కణాలకు కొంత నచ్చడానికి ఆ ఖాళీ చేతులూ ఒక కారణం.

మొదట పొడవాటి గొలుసులు, ఆ తర్వాత కొమ్మలు, చివరికి పాత్ర అంతా ఒకే వల. ఆ వల పుట్టే ఘడియే జెల్ పాయింట్. అది దాటాక పదార్థం కరగదు, పొయ్యడానికి రాదు, అచ్చులో ఉన్న ఆకారమే ఖాయం. ఫ్లోరీ–స్టాక్‌మేయర్ లెక్క ప్రకారం ఈ నిష్పత్తిలో ఆమ్లం 87 శాతం దగ్గర ఖర్చయినప్పుడు జెల్ రావాలి. గ్లిసరాల్ నడిమి హైడ్రాక్సిల్ మిగతా రెండింటికంటే మందకొడి కాబట్టి నిజంలో అది కొంచెం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఫ్లాస్కులో 65 నుంచి 75 శాతం దగ్గర ఆపి, మిగతాది అచ్చులో పూర్తి చెయ్యాలి. ఫ్లాస్కులోనే జెల్ అయితే ఫ్లాస్కు పోయినట్టే. లై (గాఢ క్షార ద్రావణం)తో రోజుల తరబడి నానబెడితే తప్ప వదలదు.

పంప్ చూసుకుని దిగండి

పీజీఎస్ గట్టిపడే దశకు అసలు పద్ధతిలో 40 మిల్లీటార్ వాక్యూమ్ వాడారు, అంటే సుమారు 5 పాస్కల్స్. రెండు దశల రోటరీ ఆయిల్ పంప్ ఉంటే వస్తుంది. వాక్యూమ్ ఓవెన్ మీద ఉండే ముల్లు గేజ్‌ని నమ్మకండి. 10 టార్‌కీ 0.1 టార్‌కీ ఆ ముల్లు ఒకేచోట నిలబడుతుంది. లోతైన వాక్యూమ్‌ని కూడా కొలవగల పిరానీ గేజ్ ఒకటి కొనండి. ఈ పనిలో పెట్టే ఖర్చుల్లో దానికి పెట్టిన ఖర్చే ఎక్కువ కాలం కాపాడుతుంది.

పంప్ అంత దూరం పోకపోతే పీజీఎస్‌తో కుస్తీ పట్టొద్దు, సిట్రిక్ ఆమ్లం దారి పట్టండి. 2004లో జియాన్ యాంగ్, ఆంటోనియో వెబ్, అమీర్ చూపించిన పాలీఆక్టేన్‌డయాల్ సిట్రేట్‌కు లోతైన వాక్యూమ్ లేకపోయినా ఫర్వాలేదు. 1,8-ఆక్టేన్‌డయాల్ 14.62 గ్రాములు, నీరు లేని సిట్రిక్ ఆమ్లం 19.21 గ్రాములు తీసుకుని, నైట్రోజన్ కింద 160 డిగ్రీల దాకా తీసుకెళ్లి కరిగించి, 140కి దించి అరగంట నుంచి గంట తిప్పి, ఎథనాల్‌లో కరిగించి అచ్చులో పోసి, 80 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచితే రబ్బరులాంటి రేకు వస్తుంది. ఇందులో ఎక్కువ మంది బోల్తా పడేది సీసా లేబుల్ దగ్గర. చవగ్గా దొరికే సిట్రిక్ ఆమ్లం తరచూ మోనోహైడ్రేటే. దాన్నైతే 21.01 గ్రాములు తూచాలి. 19.21 తూస్తే ఆమ్లం తొమ్మిది శాతం తక్కువపడి రేకు జిగురుగా మిగులుతుంది. సిట్రేట్ గురించి ఇంతవరకే. ఇక మిగతాదంతా పీజీఎస్.

ముడిసరుకు

ఒక బ్యాచ్‌కు సెబాసిక్ ఆమ్లం 40.45 గ్రాములు, గ్లిసరాల్ 18.42 గ్రాములు. రెండూ 0.2 మోల్ చొప్పున. మొత్తం 58.87 గ్రాములు. ఆమ్లం పూర్తిగా ఖర్చయితే బయటికి వచ్చే నీరు 7.2 గ్రాములు. ఈ అంకెలన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

సెబాసిక్ ఆమ్లాన్ని వేడి ఎథనాల్‌లో కరిగించి చల్లార్చి స్ఫటికాలు తీయండి. మూడుసార్లు చేస్తే మంచిది, రెండుసార్లతో కూడా తెల్లటి సరుకు వస్తుంది. 60 డిగ్రీల వాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టండి. దానిలో ఎథనాల్ మిగిలితే అది ఆమ్లం చేతిని పట్టేసుకుని గొలుసును అక్కడే ఆపేస్తుంది.

అసలు దొంగ గ్లిసరాల్. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. వానాకాలంలో బరంపురంలో మూత తీసిపెట్టిన సీసా కొన్నాళ్లకే తూకంలో అబద్ధం చెబుతుంది. మీరు 18.42 తూచానని అనుకుంటారు, అందులో 5 శాతం నీరుంటే నిజంగా పడింది 17.5 గ్రాములే. ఆమ్లం పాలు పెరిగి రేకు అనుకున్నదానికంటే బిరుసుగా వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉండే ఆబ్బే రిఫ్రాక్టోమీటర్ చాలు. స్వచ్ఛమైన గ్లిసరాల్ వక్రీభవన గుణకం 20 డిగ్రీల దగ్గర 1.474. ప్రతి ఒక్క శాతం నీటికీ సుమారు 0.0015 తగ్గుతుంది. గది వేడి డిగ్రీ పెరిగితే సుమారు 0.0002 తగ్గుతుందన్నది కూడా కలుపుకోండి. నీరు కనిపిస్తే 5–10 టార్ దగ్గర 80 డిగ్రీల్లో నాలుగైదు గంటలు ఉంచి మళ్లీ చూడండి. తూచేది సిరంజితో, నేరుగా ఫ్లాస్కులోకి. బీకర్‌లో తూచి వంచితే గ్లిసరాల్ గోడకు అంటుకుని అర గ్రాము అక్కడే ఉండిపోతుంది.

ఫ్లాస్కులో మొదటి 24 గంటలు

250 మి.లీ. మూడు మెడల ఫ్లాస్కు. ఒక మెడలోంచి నైట్రోజన్ లోపలికి, ఒక మెడకు డిస్టిలేషన్ హెడ్, కండెన్సర్, చివర తూచిన రిసీవర్, మూడో మెడలోంచి థర్మామీటర్ ద్రవంలో మునిగేలా. ఆయిల్ బాత్ వేడినీ లోపలి వేడినీ ఒకటిగా అనుకోవద్దు, ఐదారు డిగ్రీల తేడా మామూలే. కీళ్లకు సిలికాన్ గ్రీజు పూయకండి. వేడికి అది జారి పాలిమర్‌లో కలిస్తే తర్వాత కణాలు అతకవు. టెఫ్లాన్ తొడుగులు వాడండి.

ఖాళీ ఫ్లాస్కును తిప్పే మాగ్నెట్‌తో సహా తూచి రాసుకోండి. ఇదొక్కటి మరిచిపోతే తర్వాతి లెక్కలన్నీ గాల్లో ఉంటాయి.

సెబాసిక్ ఆమ్లం 131–134 డిగ్రీల మధ్య కరుగుతుంది. కాబట్టి మొదట 140కి తీసుకెళ్లి, అంతా పారదర్శకంగా అయ్యాక 120కి దించి అక్కడే ఉంచండి. నైట్రోజన్ బబ్లర్‌లో సెకనుకు ఒకటి రెండు బుడగలు చాలు. అది చేసే పనులు రెండు: ఆక్సిజన్‌ను దూరం పెట్టి రంగు మారకుండా చూడడం, పుట్టిన నీటిని మోసుకుపోవడం. సిలిండర్ నుంచి వచ్చే గ్యాసును కూడా సిలికా జెల్ గొట్టం దాటించి పంపండి. గంట గడిచేసరికి ఫ్లాస్కు మెడలో తెల్లటి పొరలాంటిది కనిపిస్తే అది ఆవిరై పైకి వెళ్లి గడ్డకట్టిన సెబాసిక్ ఆమ్లం. అది అక్కడే ఉంటే మీ సమాన నిష్పత్తి సమానం కాదు. మెడ చుట్టూ గాజు ఊలు, దానిమీద అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. దిగకపోతే హీట్ గన్‌తో కాసేపు వేడి చూపించి కిందికి దించండి.

మొదటి రోజు వాక్యూమ్ ఎందుకు పెట్టకూడదో చాలా పుస్తకాలు చెప్పవు. గ్లిసరాల్ ఆవిరి పీడనం 125 డిగ్రీల దగ్గర దాదాపు 1 టార్. అంటే 120 డిగ్రీల దగ్గర, ఇంకా దేన్నీ పట్టుకోని గ్లిసరాల్ ఉండగా 1 టార్ కిందికి లాగారో, అది మరిగి కండెన్సర్‌లోకి వెళ్లిపోతుంది. తొందరపడి పంప్ వేసినవాళ్లకు రిసీవర్‌లో 'నీరు' బాగా కనిపిస్తుంది, సంబరపడతారు. వేలితో తాకి చూస్తే జిడ్డుగా ఉంటుంది. ముందు గ్లిసరాల్ ఒక చెయ్యైనా ఎస్టర్‌గా కట్టుబడాలి, ఆ తర్వాతే వాక్యూమ్.

నీటి లెక్క, ఆమ్లం లెక్క

24 గంటల తర్వాత వేడి ఆపి, నైట్రోజన్ కిందే చల్లార్చి ఫ్లాస్కును తూచండి. 58.87 నుంచి లోపల 54.6 గ్రాములకు దిగిందనుకుందాం. పోయింది 4.27 గ్రాములు. అదంతా నీరే అయితే 7.2లో 59 శాతం, అంటే ఆమ్లం 59 శాతం ఖర్చయింది. కానీ 'అదంతా నీరే అయితే' అన్న మాట మీద ఆధారపడకూడదు. దాన్ని టైట్రేషన్‌తో నిలదీయాలి.

అది ఇలా. ప్రీపాలిమర్ (ఫ్లాస్కులో ఉన్న, ఇంకా జెల్ కాని పదార్థం) 0.30 గ్రాములు తూచి, ముందే ఫినాఫ్తలీన్‌తో తటస్థం చేసిన ఎథనాల్ 25 మి.లీ.లో కరిగించండి. 0.1 నార్మల్ ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయండి. గులాబీ రంగు 15 సెకన్లు నిలిస్తే చాలు, అక్కడ ఆపేయండి. నిమిషం తర్వాత రంగు పోయిందని మళ్లీ చుక్కలు వెయ్యొద్దు. అప్పుడు క్షారం తినేది మిగిలిన ఆమ్లాన్ని కాదు, మీరు కష్టపడి కట్టిన ఎస్టర్ బంధాలను. క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కూడా పీలుస్తుంది కాబట్టి ఏ రోజుకారోజు పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో బలం చూసుకోండి.

పడిన మి.లీ.ని 5.61తో గుణించి, నమూనా బరువుతో భాగిస్తే ఆమ్ల సంఖ్య. మొదట కలిపిన మిశ్రమానిది 381. ఆమ్లం 60 శాతం ఖర్చయితే 165, 65కి 145, 70కి 125, 75కి 105, 80కి 84. జెల్ పాయింట్ సిద్ధాంతం ప్రకారం 55 దగ్గర. మన ఉదాహరణలో 8.8 మి.లీ. పడితే ఆమ్ల సంఖ్య 165, అంటే 60 శాతం. తూకం 59 చెప్పింది, టైట్రేషన్ 60 చెప్పింది, రెండూ కలిశాయి. అదే తూకంలో 5.0 గ్రాములు పోయి 69 శాతమని చూపిస్తూ టైట్రేషన్ మాత్రం 60 దగ్గరే ఉంటే, ఆ పైన పోయిన 0.7 గ్రాముల్లో ఎక్కువ భాగం గ్లిసరాలే. ఆ బ్యాచ్‌ని నోట్‌బుక్‌లో 'గ్లిసరాల్ లోటు' అని రాసి పక్కన పెట్టండి. మంచి బ్యాచ్‌తో కలిపి సర్దుదామన్న ఆలోచన వద్దు.

వాక్యూమ్‌లోకి

మళ్లీ 120కి వేడెక్కించి, గాలి పీడనం నుంచి 1 టార్ దాకా నెమ్మదిగా దించండి. అక్కడి నుంచి 40 మిల్లీటార్ దాకా ఐదు గంటలు పట్టనివ్వండి. నీడిల్ వాల్వ్ లేకపోతే ఇది చేతకాదు. ఒక్కసారి తెరిస్తే నురగ కండెన్సర్ దాకా ఎక్కుతుంది.

ఫ్లాస్కుకీ పంపుకీ మధ్య కోల్డ్ ట్రాప్ తప్పనిసరి. ఐసు, ఉప్పు మూడుకు ఒకటి కలిపి చవగ్గా కానిద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఆ మిశ్రమం సుమారు మైనస్ 20 దాకా వెళ్తుంది. కానీ మైనస్ 20 దగ్గర మంచుకే 0.78 టార్ ఆవిరి పీడనం ఉంటుంది. ట్రాప్‌లో మంచు ఉన్నంత సేపూ గేజ్ 780 మిల్లీటార్ దగ్గర మొరాయిస్తుంది, మీరు లీకేజీ ఎక్కడా అని కీళ్లన్నీ వెతుకుతూ ఉంటారు. డ్రై ఐస్, ఎసిటోన్ కలిపితే మైనస్ 78, అక్కడ మంచు ఆవిరి పీడనం ఒక మిల్లీటార్ లోపే. వానాకాలంలో పంప్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టు. గ్యాస్ బాలాస్ట్ (పంపుకుండే చిన్న గాలి వాల్వ్) తెరిచి అరగంట నడపండి, అయినా తేరుకోకపోతే ఆయిల్ మార్చండి.

రెండు మూడు గంటలకోసారి ఒక చుక్క తీసి ఆమ్ల సంఖ్య చూస్తూ 125 దగ్గరకు రాగానే ఆపండి. చేతి అంచనా కూడా పనికొస్తుంది. గది వేడికి చల్లారిన చుక్కను రెండు వేళ్ల మధ్య లాగితే, 60 శాతం దగ్గర లేతపాకంలా తెగుతుంది, 70 దాటాక తీగపాకంలా సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఎప్పుడూ లేతగానే కనిపిస్తుంది, మోసపోతారు. శీతాకాలంలో చల్లారాక మైనంలా తెల్లబడితే కంగారు పడొద్దు, గొలుసులు స్ఫటికంగా పేరుకున్నాయంతే. వేడికి కరిగిపోతుంది. ప్రీపాలిమర్‌ని డెసికేటర్‌లో మూసి ఉంచండి.

ముందు పల్చటి రేకు

నేరుగా స్కాఫోల్డ్‌కు దిగొద్దు. ముందు గట్టి రేకు వేసి గుణాలు చూసుకోండి. రంధ్రాలున్న ముక్కలో తప్పు ఎక్కడుందో దొరకదు.

గాజు పలకను శుభ్రం చేసి, దాని మీద చిక్కటి పంచదార నీళ్లు పల్చగా పరిచి ఆరబెట్టండి. పీజీఎస్ గాజును విడవదు, ఈ పంచదార పొరే తర్వాత నీటిలో కరిగి రేకును వదిలిస్తుంది. 5 సెం.మీ. చదరంలో అర మిల్లీమీటరు రేకు కావాలంటే ఘనపరిమాణం 1.25 ఘన సెం.మీ. సాంద్రత 1.13 కాబట్టి 1.4 గ్రాములు, పోబోయే నీటిని కలుపుకుని 1.5 గ్రాములు పోయండి. 80 డిగ్రీల్లో కరిగించి నేరుగా పోయడమే మేలు. ఎథనాల్‌లో కలిపి పోస్తే, దాన్ని 50 డిగ్రీల లోపే పూర్తిగా తోలేశాక వేడి పెంచాలి, లేకపోతే ఎథనాల్ ఆమ్లం చేతులను పట్టేస్తుంది. మిల్లీమీటరు కంటే మందంగా పోస్తే అడుగున పుట్టిన నీరు బయటపడలేక బుడగగా మిగులుతుంది.

ఓవెన్‌లో ముందు 90 డిగ్రీల దగ్గర మామూలు వాక్యూమ్‌లో రెండు గంటలు గాలి వదిలించండి. ఆ తర్వాత 120 డిగ్రీలు, 40 మిల్లీటార్, 48 గంటలు. పీజీఎస్ మెత్తదనాన్ని ఏ మీటా మార్చనంతగా వేడి మారుస్తుంది. 2008లో ప్రచురించిన ఒక గుండె కండరపు పరిశోధనలో రెండు రోజులు 110 డిగ్రీల దగ్గర గట్టిపరిస్తే యంగ్ మాడ్యులస్ (బిరుసుతనపు కొలత) 0.056 మెగాపాస్కల్స్, 120 దగ్గర 0.22, 130 దగ్గర 1.2 వచ్చాయి. ఇరవై డిగ్రీలకు ఇరవై రెట్లు. మీ ఓవెన్ ముందు వైపుకీ వెనక వైపుకీ ఐదు డిగ్రీల తేడా ఉంటే ఒకే రేకులో రెండు పదార్థాలున్నట్టే. ఖాళీ ఓవెన్‌లో నాలుగు మూలలా థర్మోకపుల్ పెట్టి ఒకసారి కొలిచి, బాగున్న చోటుకు సుద్దతో గీత గీసుకోండి.

కరెంటు సంగతి. ఈ తీరానికి అక్టోబర్ అంటే తుఫాను నెల. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. తుఫాను లేకపోయినా 48 గంటల్లో కరెంటు ఒకసారైనా కన్ను గీటుతుంది. పంప్ ఆగిందంటే ఓవెన్‌లోని వాక్యూమ్ పంప్ ఆయిల్‌ని వెనక్కి పీల్చుకుంటుంది. కరెంటు పోగానే తనంతట తాను మూసుకునే సొలినాయిడ్ వాల్వ్ మధ్యలో పెట్టండి. వేడి పాలిమర్ మీదికి గాలి పోతే రేకు పసుపు పచ్చబడుతుంది. ఆగిన గంటలను చివర్లో కలిపేస్తే సరిపోతుందనుకోవద్దు. కింద చెప్పే సోల్ పరీక్ష ఏం చెబితే అదే చెల్లుతుంది.

రేకుకు పరీక్ష

0.2 గ్రాముల ముక్కను 20 మి.లీ. టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి)లో ఒక రోజు నానబెట్టి, మధ్యలో ఒకసారి ద్రవం మార్చి, 60 డిగ్రీల వాక్యూమ్‌లో బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టండి. తగ్గిన బరువు వలలో కలవని భాగం, అదే సోల్. 10 శాతం లోపు ఉంటే ముందుకు సాగండి. 20 దాటితే మళ్లీ ఓవెన్‌లో పెట్టండి. రెండోసారి పెట్టినా జిగురు వదలకపోతే తప్పు ఓవెన్‌ది కాదు, నిష్పత్తిది: గ్లిసరాల్ ఎక్కువ పడింది, లేదా సెబాసిక్ ఆమ్లం మెడలో ఉండిపోయింది. విరిగేలా బిరుసుగా వస్తే అందుకు తిరగేసి, గ్లిసరాల్ పోయింది.

ఎఫ్‌టీఐఆర్ (పరారుణ వర్ణపట పరీక్ష)లో 1735 దగ్గర ఎస్టర్ కార్బొనిల్ నిటారుగా ఉండాలి. 1700 దగ్గర భుజంలా ఉబ్బితే ఆమ్లం మిగిలి ఉంది. లాగుడు పరీక్షకు డంబెల్ ఆకారపు ముక్కలు కనీసం ఐదు, నిమిషానికి 50 మి.మీ. వేగంతో. తడి ముక్కలను 37 డిగ్రీల దగ్గర పరీక్షిస్తేనే శరీరానికి దగ్గరి లెక్క. 2002 నాటి పీజీఎస్‌కు యంగ్ మాడ్యులస్ 0.282 మెగాపాస్కల్స్, కనీసం 267 శాతం సాగుడు, 0.5 మెగాపాస్కల్స్‌కు పైన బలం వచ్చాయి. మీ మాడ్యులస్‌ని పాస్కల్స్‌లో తీసుకుని, 3తో, 8.314తో, కెల్విన్ ఉష్ణోగ్రతతో వరసగా భాగిస్తే ఘనపు మీటరులో పనిచేసే గొలుసులెన్నో తెలుస్తుంది. 0.282కు 25 డిగ్రీల దగ్గర 38 మోల్స్ వస్తుంది. రెండు బ్యాచ్‌లను పోల్చడానికి 'మెత్తగా ఉంది, గట్టిగా ఉంది' అనడం కంటే ఈ అంకె మేలు.

ఉప్పుతో రంధ్రాలు

రేకు బాగా వచ్చాకే స్కాఫోల్డ్. పద్ధతి తేలికే: ఉప్పు రేణువులను ఒకదానికొకటి అతికించి గడ్డ చెయ్యడం, సందుల్లో పాలిమర్ నింపి గట్టిపరచడం, ఉప్పును నీటిలో కరిగించేయడం. ఉప్పు ఉన్నచోట రంధ్రం, రేణువులు అతుక్కున్నచోట రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దారి. ఆ దారులు లేకపోతే లోపలి కణాలకు ఆహారం అందదు.

ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్‌ని నూరి, 100 మెష్ జల్లెడ దాటి 200 మెష్ మీద నిలిచిన భాగం తీసుకోండి. అది 75 నుంచి 150 మైక్రాన్లు. గంజాం జిల్లాలో హుమ్మ ఉప్పు మడులు పక్కనే ఉన్నాయి కదా అని ఆ ఉప్పు తేవొద్దు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, అది గాలిలోని నీటిని లాగి ముద్ద చేస్తుంది.

10 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. లోతున్న టెఫ్లాన్ రింగుల్లో ఉప్పు నింపి మట్టంగా సర్దండి. సోడియం క్లోరైడ్ 75 శాతం తేమ దాటితే చెమ్మగిల్లుతుంది. అదే మనకు కావలసిన అతుకు. మూత ఉన్న డబ్బాలో అడుగున పొటాషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం పోసి, పైన జాలీ మీద రింగులు పెట్టి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచితే లోపల తేమ 83 శాతం దగ్గర నిలుస్తుంది. గంట చాలు. అప్పడాలకు పేరుబడ్డ బరంపురంలో జూలైలో అప్పడమే ఆరదు, ఉప్పు బల్ల మీదే అతుక్కుపోతుంది. అయినా బల్ల మీది అతుకును నమ్మొద్దు. ఈరోజు 78 శాతం, రేపు 95, రంధ్రం కొలత ఏ రోజుకారోజు మారుతుంది. వానాకాలంలో జల్లెడ పట్టే పని కూడా ఏసీ గదిలో చెయ్యండి, రేణువులను వాడేదాకా 110 డిగ్రీల ఓవెన్‌లోనే ఉంచండి. అతికిన గడ్డలను 90 డిగ్రీల వాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టాలి.

ప్రీపాలిమర్‌ని టీహెచ్ఎఫ్‌లో 20 శాతం ద్రావణంగా చేసి చుక్కచుక్కగా నింపండి. ఒక్కసారి పోస్తే గాలి లోపల బందీ అవుతుంది. టీహెచ్ఎఫ్ పాతదైతే పెరాక్సైడ్ పరీక్ష చెయ్యకుండా వాడొద్దు. రాత్రంతా ఫ్యూమ్ హుడ్‌లో ఆరనివ్వండి. టీహెచ్ఎఫ్ తడి ఉన్న రింగులను వేడి ఓవెన్‌లో పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆరాక 150 డిగ్రీలు, 100 మిల్లీటార్, 24 గంటలు.

ఉప్పు తీయడానికి డిస్టిల్డ్ నీటిలో రెండు మూడు రోజులు, ఎనిమిది గంటలకోసారి నీరు మారుస్తూ. చివరి నీటిలో వెండి నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. తర్వాత గాలికి ఆరబెడితే, ఆరుతున్న నీరు మెత్తటి గోడలను దగ్గరకు లాగి అతికించేస్తుంది, స్కాఫోల్డ్ ఎండిన రేగుపండులా ముడుచుకుంటుంది. ఫ్రీజ్ డ్రయర్‌లోనే ఆరబెట్టండి. 8 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న బిళ్ల కోసి తూచండి. 11 మిల్లీగ్రాములు తూగితే సాంద్రత 0.109, దాన్ని 1.13తో భాగించి ఒకటి నుంచి తీసేస్తే 90 శాతం రంధ్రాలు.

పీజీఎస్‌కు ఒక లోపముంది, కుట్టు వేస్తే సూది రంధ్రం నుంచి చిరుగుతుంది. మధ్యలో పట్టు బట్ట పెట్టి పోసే పద్ధతి ఒకటుంది. బరంపురం నేతవీధుల్లో పట్టు దొరుకుతుంది కదా అని చీర ముక్క తేవద్దు, అందులో రంగు, గంజి ఉంటాయి. రంగు వెయ్యని పట్టును 0.02 మోలార్ సోడియం కార్బొనేట్‌లో అరగంట మరిగించి సెరిసిన్ వదిలించి వాడండి. పట్టు పీజీఎస్ కంటే చాలా నెమ్మదిగా కరుగుతుందన్నది గుర్తుంచుకోండి.

కణాలు వేసే ముందు, వేశాక

వలలో కలవని ఆమ్లం మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం)లోకి దిగితే కణాలు చచ్చిపోతాయి. అది కంటికే కనిపిస్తుంది, ఎర్రటి మీడియా రాత్రికల్లా నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. అందుకని ముందు నిఖార్సైన ఎథనాల్‌లో ఒక రోజు, ఆపైన 70 శాతం, 50 శాతం, ఫాస్ఫేట్ బఫర్, చివరికి మీడియాలోనే ఒక రాత్రి. 70 శాతం ఎథనాల్ క్రిములను తగ్గిస్తుంది గానీ స్టెరిలైజ్ చెయ్యదు. ఆటోక్లేవ్ చేస్తే 121 డిగ్రీలు, 20 నిమిషాలు, తర్వాత ఒక ముక్కకు మళ్లీ లాగుడు పరీక్ష.

విషతుల్యతకు ఐఎస్ఓ 10993-5 ప్రకారం 37 డిగ్రీల దగ్గర 24 గంటలు సారం తీయండి. అర మిల్లీమీటరు దాటిన రేకుకు మి.లీ.కి 3 చదరపు సెం.మీ., అంతకంటే పల్చనైతే 6. కణాల బతుకు 70 శాతం కిందికి పడితే విషం ఉన్నట్టే లెక్క. అప్పుడు కడుగుడు ఇంకో రోజు పెంచి మళ్లీ చూడండి. అప్పటికీ పడితే సోల్ పరీక్ష దగ్గరికి వెనక్కి వెళ్లండి.

కరిగే వేగం చూడడానికి తూచిన ముక్కలను 37 డిగ్రీల ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టి వారానికోసారి తీసి ఆరబెట్టి తూస్తారు. బఫర్‌ను కూడా వారానికోసారి మార్చాలి, లేకపోతే పీహెచ్ దిగి కరుగుడు తనను తానే తరుముకుంటుంది. ఇక్కడ ఒక పెద్ద తేడా గుర్తుంచుకోండి. 2002 పరిశోధనలో 60 రోజులకు బఫర్‌లో 17 శాతం బరువే తగ్గింది, ఎలుక చర్మం కింద పెట్టిన ముక్కలు మాత్రం అదే 60 రోజుల్లో పూర్తిగా మాయమయ్యాయి. శరీరంలో ఎస్టర్లను కోసే ఎంజైములున్నాయి, సీసాలో లేవు. కాబట్టి లైపేజ్ కలిపిన బఫర్‌లో ఒక వరుస కూడా నడపండి. ప్రతి తూకంలో బరువుతో పాటు మందాన్నీ మాడ్యులస్‌నీ కొలవండి. పీజీఎస్ సబ్బుబిళ్లలా పైనుంచి అరుగుతుంది. మందం తగ్గుతూ మాడ్యులస్ నిలబడితే పదార్థం దాని స్వభావంలో ఉంది. మందం అలాగే ఉండి మాడ్యులస్ ముందే కూలిపోతే లోపల నీరు చొరబడుతోంది, వల పలచగా పడింది. ఆ బ్యాచ్ ఆమ్ల సంఖ్య పేజీ తిరగేసి ఫ్లాస్కు ఏ అంకె దగ్గర ఆపారో చూడండి.